చుట్టుకున్నదంతా చుట్టమేనా?

బతికున్న మొక్కలనే బట్టలుగా తొడుక్కునే కళ ఒకటి కొన్ని దశాబ్దాలుగా పడమటి దేశాల్లో సాగుతోంది. పత్తి నుంచి దూది, దూది నుంచి నూలు, నూలు నుంచి గుడ్డ అన్న వరసలో కాదు. కోటు భుజాల మీద గడ్డి మొలిచి ఉంటుంది. బూటు మీద మొలకలు వేళ్ళు తన్ని ఉంటాయి. తొడుక్కున్న మనిషి నడుస్తుంటే ఆకులు ఊగుతాయి. వీటిని చేసేవాళ్ళూ, వీటి గురించి రాసేవాళ్ళూ చెప్పే మాట దాదాపు ఒక్కటే. మనిషికీ ప్రకృతికీ మధ్య తెగిపోయిన చుట్టరికాన్ని ఈ బట్టలు మళ్ళీ ముడివేస్తాయని.

ఈ మాటను నేను తేలిగ్గా తీసెయ్యదలచుకోలేదు. అలాగని తల ఊపి ఊరుకోనూ లేను. చుట్టరికం మన భాషలో బరువున్న మాట. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "నేను మీకు చుట్టాన్ని" అంటే, మన పెద్దవాళ్ళు ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత నెమ్మదిగా అడిగేవారు: ఎవరి తాలూకు? ఏ వరస? ఏ పెళ్ళిలో కలిశాం? అది అనుమానం కాదు. వరస తెలిస్తేనే ఎలా పిలవాలో, ఏం పెట్టాలో, ఎప్పుడు కబురు చెయ్యాలో తెలుస్తుంది. ఆ ప్రశ్నే ఈ కళను కూడా అడగాలని నా ప్రయత్నం. ఇక్కడ చెప్పే పనులను నేను ఫోటోల్లోనూ వీడియోల్లోనూ చూశాను. అంతమేరకే వాటి రూపం గురించి మాట్లాడతాను. వాటి వాదం గురించి మాట్లాడడానికి మాత్రం మనకు మన సాహిత్యం, మన ఆచారాలు చాలినంత సామగ్రి ఇచ్చాయి.

అందరికీ ఎక్కువగా తెలిసిన పనితో మొదలుపెడతాను. 2022 జూన్‌లో పారిస్‌లో లోయెవే అనే సంస్థ మగవాళ్ళ దుస్తుల ప్రదర్శన పెట్టింది. 1846లో మాడ్రిడ్‌లో తోలు పనివాళ్ళతో మొదలైన పాత సంస్థ అది. అప్పటి దాని రూపశిల్పి జొనథన్ ఆండర్సన్, స్పెయిన్‌కు చెందిన పౌలా ఉలార్గి ఎస్కలోనాతో కలిసి కోట్ల మీదా, జీన్స్ ప్యాంట్ల మీదా, బూట్ల మీదా మొక్కలు పెంచాడు. చియా, క్యాట్స్‌వర్ట్ అనే మొక్కలవి. పారిస్ బయట ప్లాస్టిక్ గుడారంలో సుమారు 20 రోజులు పెంచి వేదిక మీదికి తెచ్చారు. తెల్లటి ఖాళీ వేదిక మీద కుర్రవాళ్ళు ఆ పచ్చని కోట్లు తొడుక్కుని నడిచారు. చూడడానికి బాగుంది. అందులో సందేహం లేదు. గోడ పగుల్లో మొలిచిన పిచ్చిమొక్కను చూస్తే కలిగే చిన్న ఆశ్చర్యం, బట్ట అంచున మొలకను చూసినా కలుగుతుంది.

ఇందులో కిటుకు మన వంటింటికి దగ్గరదే. సబ్జా గింజలను నీళ్ళలో వేస్తే చుట్టూ జిగురు పొర కట్టుకుని ఉబ్బుతాయి కదా, చియా గింజలూ అంతే. రెండూ తులసి, పుదీనాల కుటుంబానికి చెందినవే. ఆ జిగురే గింజను గుడ్డకు అంటిపెట్టి ఉంచుతుంది, తడి ఆరకుండా కాపాడుతుంది. మొలకెత్తిన కొత్తలో మొక్కకు మట్టితో అంతగా పని లేదు. గింజలో తల్లి మొక్క దాచిపెట్టిన ఆహారంతోనే ఆకు విప్పుతుంది. ఆ మూట ఖాళీ అయ్యాక మట్టి కావాలి. గుడ్డ దాన్ని ఇవ్వలేదు. కాబట్టి ఇలాంటి బట్ట మీద మొక్క ఎప్పుడూ పసిబిడ్డే. పూత, కాత, విత్తనం చూసే వయసు దానికి రాదు.

ఇక్కడే నాకు మొదటి చిక్కు. పసితనంలోనే వాడుకుని, పెద్దరికం రానివ్వని సంబంధాన్ని చుట్టరికం అనగలమా? అదే ప్రదర్శనలో మరికొన్ని కోట్లకు తెరలు అమర్చారు. వాటి మీద చేపలు, పక్షులు కదిలాయి. మొలకెత్తిన కోటు, తెరలు పొదిగిన కోటు ఒకే వరసలో నడిచాయి. సహజమూ కృత్రిమమూ కలిసిపోయాయని చూపడం రూపశిల్పి ఉద్దేశం కావచ్చు. నాకు మాత్రం మొక్క కూడా ఇంకో తెరలా కనబడింది. తెర మీద చేపకు ఆకలి లేనట్టే, కోటు మీద మొలకకు రేపు లేదు. ఆ పూట నడక అయితే చాలు, దాని పని అయిపోయింది.

బ్రిటన్‌కు చెందిన హెదర్ ఆక్రాయిడ్, డాన్ హార్వే దంపతుల పని ఇంతకంటే నిదానమైనది. వీళ్ళు 1990 నుంచి కలిసి పనిచేస్తున్నారు. వీళ్ళ పనిముట్టు గడ్డి. గోడ మీద బంకమట్టి పూసి, గడ్డి గింజలు చల్లి, చీకటి గదిలో ఆ గోడ మీదికి ఫోటో నెగటివ్ గుండా వెలుతురు పంపుతారు. వెలుతురు బాగా పడినచోట గడ్డి ముదురాకుపచ్చగా, తక్కువ పడినచోట పసుపుగా పెరుగుతుంది. అలా ఒక మనిషి ముఖం గడ్డిలో తేలుతుంది. 2003లో లండన్‌లో వాడుకలో లేని ఒక చర్చి లోపలి గోడలన్నీ గడ్డితో కప్పారు. 2007లో లండన్ నేషనల్ థియేటర్ భవనం బయటి గోడను పచ్చగా మొలిపించారు. గడ్డి కోట్లు కూడా పెంచి తొడిగారు.

వీళ్ళ పనిలో నాకు నచ్చినది పెంపకం. గోడకు నీళ్ళు కొట్టడం, వెలుతురు కోసం కాపలా కాయడం, వాడిపోవడాన్ని ఒప్పుకోవడం. బొమ్మ మాసిపోవడం వాళ్ళ కళలో లోపం కాదు, భాగం. అయితే ఆ మాసిపోవడాన్ని ఆపాలన్న కోరికా వాళ్ళకు కలిగింది. వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో గడ్డి మీద పరిశోధన చేసే శాస్త్రజ్ఞులతో కలిసి, ముసలిదైనా పచ్చదనం వదలని ఒక రకం గడ్డిని వాడారు. మామూలు గడ్డి వయసు మళ్ళితే పత్రహరితం విరిగిపోయి పసుపెక్కుతుంది. ఈ రకంలో ఆ విరుగుడు జరగదు. బొమ్మ ఎక్కువ కాలం నిలుస్తుంది. శాస్త్రంగా గొప్ప సంగతే. కానీ ఎండిపోయాక కూడా పచ్చగా కనిపించే గడ్డిని చూస్తే, చుట్టాన్ని చావనివ్వని మమకారమా ఇది, లేక చావును చూడలేని పిరికితనమా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రావడమే ఆ పనికి ఉన్న బలం అని నేననుకుంటాను. పారిస్ కోటు నాలో ఆ ప్రశ్న పుట్టించలేదు.

కెనడాలోని వాంకూవర్‌కు చెందిన నికోల్ డెక్స్ట్రాస్ ఆకులతో, కలుపు మొక్కలతో దుస్తులు కుడుతుంది. 2011 నాటి ఆమె పని ఒకటి నాకు చాలా ఇష్టం. పెద్ద ఘేరు ఉన్న లంగా. దాని చట్రానికి వరసగా చిన్న కుండీలు. కుండీల్లో తినడానికి పనికొచ్చే మొక్కలు. ఆ లంగానే విప్పి నిలబెడితే రాత్రి తలదాచుకునే గుడారం అవుతుంది. అంటే తోటను నడుముకు కట్టుకుని ఊరూరా తిరిగే మనిషి. ఇందులో హాస్యం ఉంది. బరువు కూడా ఉంది. మట్టి బరువు. మొక్కను వెంట తీసుకుపోదలచుకుంటే మట్టినీ మొయ్యాలి, నీళ్ళూ వెతకాలి, నడక తగ్గించుకోవాలి. తొడుక్కున్న మనిషి మొక్కకు లోబడుతుంది. ఆమె ఆకుల దుస్తులు చాలావరకు చివరికి మట్టిలోకే పోతాయి.

నాలుగో పని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్న డయానా షెరర్‌ది. ఈమె వేళ్ళతో పనిచేస్తుంది. మట్టి కింద అచ్చు పెడుతుంది. పైన ఓట్లు, గోధుమ గింజలు చల్లుతుంది. వేళ్ళు అచ్చు దారుల్లో పాకి, ఒకదానితో ఒకటి అల్లుకుని, లేసు లాంటి గుడ్డ తయారవుతుంది. తర్వాత మట్టి నుంచి దాన్ని ఒలుస్తుంది. అప్పటికి మొక్క బతుకు ముగుస్తుంది. ఆమె తన పనికి పెట్టుకున్న పేరులోనే వేళ్ళను మచ్చిక చేసుకోవడం అన్న అర్థం ఉంది. చుట్టరికం అనలేదు, స్నేహం అనలేదు. పశువును కాడికి అలవాటు చేసినట్టు వేరును అచ్చుకు అలవాటు చేశానని ఒప్పుకుంది. ఆ నిజాయితీకి నేను మార్కులు వేస్తాను.

ఇక మన కొలబద్ద సంగతి. నిఘంటువుల వ్యుత్పత్తి జోలికి పోను, చెవికి వినిపించేదే చెబుతాను. చుట్టం అన్నప్పుడు చుట్టు అన్న మాట వినిపిస్తుంది. చీర చుట్టుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం, చుట్టాలు చుట్టూ ఉంటారు. కాబట్టి మొక్కను చుట్టుకుంటే చుట్టమవుతుంది అన్న ఊహ తెలుగు చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ మన ఇళ్ళలో చుట్టరికం నిలిచేది ఒంటికి తగలడం వల్ల కాదు. పెట్టుపోతల వల్ల. పుడితే పురుడు, పోతే మైల. కబురు అందితే బయలుదేరి వెళ్ళాలి. పెళ్ళి పిలుపుల్లో పేరు మరిచిపోతే పదేళ్ళ అలక. చుట్టరికంలో ఇబ్బంది తప్పదు. ఇబ్బంది పెట్టని చుట్టం పటంలోని చుట్టమే.

ఈ సంగతి కాళిదాసుకు బాగా తెలుసు. అభిజ్ఞాన శాకుంతలం మొదటి అంకంలో శకుంతల కనబడేదే నారచీరలో, చేతిలో నీళ్ళకుండతో. ప్రియంవద బిగించి కట్టిన వల్కలాన్ని కాస్త వదులు చెయ్యమని అనసూయను అడుగుతుంది. నీకంటే ఈ చెట్లంటేనే తండ్రిగారికి ఎక్కువ ప్రేమలా ఉంది అని చెలి పరిహాసమాడితే, నాన్నగారు చెప్పారని మాత్రమే కాదు, నాకూ వీటి మీద తోబుట్టువుల ప్రేమ ఉంది అంటుంది. నారచీర అప్పటికే ఒంటి మీద ఉంది. అయినా చుట్టరికానికి ఆమె చూపే సాక్ష్యం అది కాదు, నీళ్ళకుండ.

నాలుగో అంకంలో ఆమె అత్తవారింటికి బయలుదేరుతుంది. కణ్వుడు చెట్లను ఉద్దేశించి చెప్పేదాని సారం మనకు తెలిసిందే. మీకు పోయకుండా తాను నీళ్ళు ముట్టనిది, అలంకారమంటే ఇష్టమున్నా మీ చిగురు తుంచనిది, మీ తొలిపూతను పండుగ చేసుకున్నది ఈమె. ఆ చెట్లే ఆమెకు పట్టుబట్ట ఇస్తాయి, పాదాలకు లత్తుక ఇస్తాయి, నగలిస్తాయి. గమనించండి, తుంచనిదానికే దక్కింది. బట్ట అక్కడ తీసుకున్నది కాదు, పుట్టింటివారు పెట్టినది. తర్వాత ఆమె వనజ్యోత్స్న అనే తీగను కౌగలించుకుని, చెల్లెలిలా చూసుకున్న ఆ తీగను చెలికత్తెల చేతిలో పెడుతుంది. మరి మమ్మల్ని ఎవరి చేతిలో పెడుతున్నావని వాళ్ళు ఏడుస్తారు. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలు చూసినవాళ్ళకు ఈ ఘట్టం వేరే వివరించనక్కరలేదు. తాను వెళ్ళిపోతే నీళ్ళు ఎవరు పోస్తారన్న బెంగ అది. పారిస్ వేదిక మీద కుర్రవాడు కోటు విప్పాక మొలకలను ఎవరికి అప్పగించాడు? ఆ ప్రశ్నకు కళలో చోటు లేకపోతే చుట్టరికం అన్న మాటకూ చోటు ఉండకూడదు.

ఈ కథను తెలుగులో 15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు శృంగార శాకుంతలంగా చెప్పాడు. తర్వాత కందుకూరి వీరేశలింగం నాటకాన్నే తెలుగు చేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో మొక్క తరఫున మాట్లాడిన తెలుగు కావ్యఖండికల్లో అందరి నోటా నిలిచింది కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం. ఘంటసాల గొంతులో అది విననివాళ్ళు మద్రాసు తెలుగువాళ్ళలోనూ, బెంగుళూరు తెలుగువాళ్ళలోనూ అరుదు. అందులో పూలు కోరేది ఏమిటి? తమను ధరించమని కాదు, తెంపవద్దని. మన సాహిత్యంలో ఈ బంధుత్వం ఎక్కువగా ఇలాగే మాట్లాడింది. కావలించుకోవడం కంటే చెయ్యి వెనక్కి తీసుకోవడంగా.

అలాగని మనవాళ్ళు ఆకులు కట్టుకోలేదా? కట్టుకున్నారు, ఇప్పటికీ కట్టుకుంటున్నారు. తమిళనాడు పాఠకులకు తిరువళ్ళూరు జిల్లాలోని పెరియపాళయం భవానీ అమ్మవారి గుడి తెలిసే ఉంటుంది. ఆడి నెలలో అక్కడ వేపాకు చీర మొక్కు తీరుస్తారు. వేపమండలు ఒంటికి చుట్టుకుని గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. మొక్కులు తీర్చేవాళ్ళలో తెలుగు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. మశూచి ఉన్న రోజుల్లో, ఆ తర్వాత ఆటలమ్మ సోకిన ఇళ్ళలో, గుమ్మానికి వేప, పక్క మీద వేప, స్నానానికి వేప. జబ్బు పేరే అమ్మవారు. బిడ్డ బతికి బట్టకడితే ఆ తల్లి ఆకునే కట్టుకుని వెళ్ళి చెప్పుకోవాలి. బతికి బట్టకట్టడం అన్న మన మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది.

వేపాకు చీర అందం కోసం కాదు. దురద పెడుతుంది, చేదు వాసన కొడుతుంది, చూసేవాళ్ళ ముందు సిగ్గు కూడా. కట్టుకున్న మనిషి తాను బాకీ ఉన్నానని నలుగురి ఎదుటా ఒప్పుకుంటోంది. పెళ్ళిళ్ళలో పాలికలదీ ఇలాంటి పద్ధతే. మూకుళ్ళలో నవధాన్యాలు చల్లి, నీళ్ళు చిలకరించి, మొలకలెత్తాక నీటిలో కలుపుతాం. తమిళులు మారియమ్మ జాతరలో మొలకల కుండలను తల మీద పెట్టుకుని ఊరేగి నీళ్ళలో వదులుతారు. ఈ మొలకలూ పారిస్ మొలకల్లా పసివే, కొద్దిరోజులవే. తేడా ఒక్కటే. వాటిని పుట్టించడానికి ఒక తంతు ఉంది, సాగనంపడానికీ ఒక తంతు ఉంది. మధ్యలో ఉన్నది మాత్రమే ప్రదర్శన కాదు.

ఒడిశా పాఠకులకు మరో కథ దగ్గరగా ఉంటుంది. కియోంఝర్, ఢెంకనాల్ కొండల్లోని జువాంగులను చుట్టుపక్కలవాళ్ళు పటువా అనేవారు. ఆకులు కట్టేవాళ్ళు అని అర్థం. ఆడవాళ్ళు నడుముకు పూసల మొలతాడు కట్టి, దానికి ముందూ వెనకా ఆకుల గుత్తులు దోపుకునేవారు. 1872లో డాల్టన్ అచ్చువేసిన గ్రంథంలో దానికి వాళ్ళు చెప్పిన కారణం ఉంది. వైతరణి పుట్టే గోనాసిక దగ్గర నదీదేవత మొదటిసారి రాతిలోంచి వెలికి వచ్చినప్పుడు జువాంగులు బట్టల్లేకుండా ఆడిపాడుతున్నారట. అప్పటికప్పుడు ఆకులు కట్టుకోమనీ, ఆ వేషం మానితే చస్తారనీ శాసించిందట. ఆకు వాళ్ళకు ఆజ్ఞ. కాగా 1871లో ఆంగ్ల అధికారి వాళ్ళను పోగుచేసి, నూలుబట్టలు పంచి, ఆకులు మాన్పించాడు. దాన్ని నాగరికత అన్నారు.

ఆకు కట్టుకున్నందుకు ఒక జాతిని అడవిమనుషులని పిలిచి, 150 ఏళ్ళ తర్వాత అదే ఆకును పారిస్‌లో కోటు మీద పెట్టి ప్రకృతితో బంధుత్వం అనడం చూస్తే నాకు నవ్వు రాదు, కోపమూ రాదు. మాట ఎవరి నోట పలికితే దానికి విలువ వస్తుందో తెలుస్తుంది, అంతే. కొరాపుట్ కొండల్లోనూ, విజయనగరం వైపునా ఉన్న గదబ స్త్రీలు అడవి పొద నారతో కెరాంగ్ అనే చారల గుడ్డ నేసేవారు. బోండా స్త్రీలూ ఆ నారనే వాడారు. నార తియ్యడం, ఎండబెట్టడం, రంగు వెయ్యడం, మగ్గానికి ఎక్కించడం అంతా ఆ ఇంటి ఆడవాళ్ళ చేతిమీద జరిగేది. అది బతికున్న మొక్క కాకపోవచ్చు. కానీ ఏ పొద ఏ రుతువులో నార ఇస్తుందో, ఎంత కోస్తే మళ్ళీ చిగురిస్తుందో తెలిసిన చెయ్యి అది. ఆ తెలివే చుట్టరికం. కళాప్రదర్శనల జాబితాల్లో ఈ చేతులకు చోటు దొరకడం అరుదు.

మన సంప్రదాయమంతా మచ్చలేనిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. మొక్కతో బంధుత్వం కలుపుకుని మొక్కను మోసం చేసిన ఆచారాలూ మనకున్నాయి. ఇద్దరు భార్యలు పోయిన మగవాడు మూడో పెళ్ళికి ముందు జిల్లేడు మొక్కకు తాళి కట్టేవాడు. మూడో భార్యకు గండం అన్న నమ్మకం. ఆ గండం జిల్లేడు నెత్తిన పోతుంది, మొక్కను నరికేస్తారు, తర్వాత వచ్చిన ఆడది క్షేమం. అర్కవివాహమని దానికి శాస్త్రం పేరు. పేరుకు భార్య, పనికి బలిపశువు. మనిషి అవసరానికి చుట్టరికం కలుపుకుని, అవసరం తీరాక వదిలించుకోవడం ప్యారిసు వాళ్ళు కనిపెట్టింది కాదు. ఆ పారిస్ కోటును చూసి నాకు శకుంతల తీగ కంటే ఈ జిల్లేడే ఎక్కువ గుర్తొచ్చింది. రావికీ వేపకూ పెళ్ళి చేసి, చుట్టూ అరుగు కట్టి, తరతరాలు నీళ్ళు పోసే పద్ధతి మాత్రం దీనికి ఎదురుగా నిలబడుతుంది. అక్కడ మనిషి పెళ్ళికొడుకు కాదు, పెళ్ళిపెద్ద. చెట్ల పెళ్ళికి తాను చాకిరీ చేస్తాడు.

అన్నిటికంటే నాకు బలంగా తోచే సాక్ష్యం మన ఇంటిపేర్లు. వేముల, చింతా, మర్రి, రావి, తాటి, మామిడి. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్, రంగాచారిల గ్రంథంలో తెలుగు కులాల ఇంటిపేర్ల జాబితాలు చూస్తే, చెట్ల పేర్లు కుప్పలుగా కనిపిస్తాయి. ఫలానా పేరువాళ్ళు ఫలానా చెట్టును ముట్టరు, కొట్టరు, దాని కాయ తినరు అన్న కట్టుబాట్లూ అక్కడ ఉన్నాయి. ఇదొక వింత చుట్టరికం. చెట్టు పేరు మోస్తారు, చెట్టును మాత్రం వాడుకోరు. అది వాళ్ళ ఒంటి మీద లేదు, సంతకంలో ఉంది. ఒక్క కాయ తినకపోవడం వల్ల చెట్టుకు ఒరిగేదేమిటని అడగవచ్చు. ఒరిగేది మనిషికి. ఈ లోకంలో కనీసం ఒక్క మొక్క తన వాడకం కోసం పుట్టలేదని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుస్తుంది.

ఈ కొలతతో చూస్తే నా తీర్పు ఇది. లోయెవే కోట్లు కంటికి ఇంపైనవి, ఊహకు పేదవి. మొక్కను అలంకారం చేశాయి గాని, మనిషి దినచర్యను ఒక్క అంగుళం కదిలించలేదు. షెరర్ పని కఠినం, కానీ దాని పేరు దాని పనికి సరిపోయింది. ఆక్రాయిడ్, హార్వేల గడ్డి పెంపకాన్నీ క్షయాన్నీ మనకు చూపించింది. పచ్చదనాన్ని నిలబెట్టాలన్న వాళ్ళ తాపత్రయం కూడా ఆలోచింపజేస్తుంది. డెక్స్ట్రాస్ కుండీల లంగా ఒక్కటే తొడుక్కున్న మనిషి మీద బరువు పెట్టింది, నీళ్ళు అడిగింది, తిండి పెట్టింది. నా లెక్కలో వేపాకు చీర పక్కన నిలబడగలిగేది అదే. ఈ నాలుగిటినీ ఒకే మాటతో మెచ్చుకునే విమర్శ విమర్శ కాదు, కొట్టువాడు సరుకు మీద అంటించే చీటీ.

ఇదంతా సరిహద్దుల ఆవల బతికే తెలుగు పాఠకులకు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. నేను హోసూరు వైపు మనిషిని. ఇక్కడ చాలా తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు బడి రికార్డులకు ఎక్కలేదు. తమిళ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం మిగిలింది. వేములవారి మనవడు ఎస్. కుమార్ అయ్యాడు. ఇంటిపేరు పెళ్ళిచూపులప్పుడు వరస తేల్చుకోవడానికి మాత్రం బయటికి వస్తుంది, తర్వాత మళ్ళీ లోపలికి పోతుంది. మరాఠ్వాడాలో, గంజాంలో, బళ్ళారిలో వివరాలు వేరైనా కథ ఇలాంటిదేనని మిత్రుల ఉత్తరాలు చెబుతున్నాయి. పేరు పోయినప్పుడు భాష మాత్రమే పోదు. ఆ పేరులో ఉన్న చెట్టూ, ఆ చెట్టును కొట్టకూడదన్న మాటా పోతాయి. ఇవి పోయాక మనకూ ఆకుల కోటు వింతగానే కనిపిస్తుంది, చప్పట్లు కొడతాం.

మనల్ని మనం పరాయి నేలలో నాటిన మొక్కలమని చెప్పుకోవడం మన కవిసమ్మేళనాల్లో పాత అలవాటు. ఆ పోలిక ఇక చాలు. మొక్కను మన బాధకు కోటుగా తొడుక్కోవడం అది కూడా. అందుకు బదులు ఒక చిన్న పని చేద్దాం. మీ ఇంటిపేరులో చెట్టుందా? ఆ చెట్టు విషయంలో మీ ఇంట్లో ఏదైనా కట్టుబాటు ఉండేదా? ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఉంటే ఈ వారమే అడగండి. వాళ్ళు చెప్పినది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి. ఆ చెట్టును మీ వైపు కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో ఏమంటారో పక్కన రాయండి. వరస తెలిస్తే తర్వాత ఏం పెట్టాలో తేల్చుకోవచ్చు.